ఏడు వాక్యాలు



పోయినసారి భూమి ముచ్చట సగంలో ఆపిన. ఇయ్యాల దాని తరువాయి రాయాలె. కానీ నడుమ ఒక ఫోన్ వచ్చింది. ఆ ఫోన్ తర్వాత వేరేది రాయబుద్ధి కాలేదు. భూమి ఎటూ పోదు, వచ్చే వారం దానికాడికి వద్దాం.

ఫోన్ చేసింది మిర్యాలగూడ చెల్లె ఒకామె. ఎం.ఏ. చివరి ఏడు. నాయిన రైస్ మిల్లులో హమాలీ. తల్లి కూలికి పోతది. ఆ ఇంట్లో పదో తరగతి దాటిన మొదటి మనిషి ఈ పిల్ల. డిసర్టేషన్ రాసి గైడ్‌కు ఇచ్చింది. ఆయన దాన్ని కాపీ పట్టే సాఫ్ట్‌వేర్‌లో వేసి చూస్తే 43 శాతం అని వచ్చిందట. "ఇది నీ రాత కాదు, ఇట్లనే ఇస్తే ఏడాది పోతది" అని వాపసు ఇచ్చిండట.

"అన్నా, నేను ఎవల చేన్ల గడ్డి పోస గూడ కొయ్యలే. ఆరు పుస్తకాలు చదివి రాసిన. నేను దొంగనెట్లయిత?"

ఆ పిల్ల ఏడుస్తలేదు. ఏడిస్తే ఓదార్చేవాణ్ని. కోపంగా అడుగుతున్నది. అధ్యాయం పంపమన్న. రాత్రి కూసొని మొత్తం చదివిన.

చదివినంక తెలిసింది ఏందంటే, ఆ పిల్ల అబద్ధం చెప్పలేదు. నిజంగానే ఆరు పుస్తకాలు చదివింది. జిరాక్సులు తీయించింది, గీతలు కొట్టింది, నచ్చిన పేరాలు నోట్‌బుక్‌లో ఎక్కించుకున్నది. తర్వాత ఆ నోట్‌బుక్ ముందల పెట్టుకొని టైపు చేసింది. నోట్‌బుక్‌లో ఉన్నది తన చేతిరాతే గదా, అందుకే తన రాతే అనుకున్నది. మన పిల్లలు పడే మొదటి గుంత ఇదే. బడిలో పదేండ్లు మనకు నేర్పింది ఏంది? గైడు చూసి నోట్సు రాసుడు, నోట్సు చూసి బట్టీ పట్టుడు, బట్టీ పట్టింది పరీక్షలో దించుడు. ఎంత సక్కగా దించితే అన్ని మార్కులు. పదిహేడేండ్లు దించితే శభాష్ అన్నోళ్లే పద్దెనిమిదో ఏట దొంగ అంటే పిల్లకు మండదా?

నాకు ఆ మంట తెలుసు. ఎందుకంటే నేను ఇంతకంటే పెద్ద పని చేసినోన్ని.

2004 ఏప్రిల్ 14. కోదాడలో అంబేడ్కర్ జయంతికి నేను ఒక చిన్న పుస్తకం వేసిన. 40 పేజీలు, 500 కాపీలు, వెల 5 రూపాయలు. ముందు అట్ట మీద బాబాసాహెబ్, వెనుక అట్ట మీద నేను. రచయిత అని నా పేరు లావు అక్షరాల్లో. అప్పటికి నాకు ఇరవై మూడేండ్లు. మా వాడలో పుస్తకం మీద పేరు పడ్డ మొదటోన్ని నేనే. మా అమ్మకు చదువు రాదు, అయినా ఆ పుస్తకాన్ని పసుపు డబ్బా పక్కన పెట్టి వచ్చినోళ్లకల్లా చూపిచ్చేది.

అది రాసుడు నాకు పదకొండు రాత్రుల పని. నాలుగు పుస్తకాలు ముందల పెట్టుకొని ఒక్కో దాంట్లోంచి ఇంత ఇంత ఎత్తుకున్న. బాల్యం ఒక దాంట్లోంచి, మహద్ ఒక దాంట్లోంచి, రాజ్యాంగం ఇంకో దాంట్లోంచి. అందులో ఒకటి అనువాదం. అనువాదకుని పేరు లోపలి పేజీలో ఉంటే చూసిన, వదిలేసిన. ఒక మనిషి ఎన్ని నెలలు కూసొని ఇంగ్లిష్‌ను తెలుగు చేసిండో, ఆ తెలుగు నాదైపోయింది.

సూర్యాపేటలో పాత బస్టాండు దిక్కు ఒక రిటైర్డ్ టీచర్ ఉండేటోడు. ఇప్పుడు లేడు. ఉన్నప్పుడే "నా పేరు ఎక్కడ రాయకురా" అన్నడు, అందుకే సారు అనే అంటున్న. ఆయనకు ఒక కాపీ గర్వంగా ఇచ్చి వచ్చిన. పదిహేను రోజులకు కబురు పంపిండు. పోయిన. సారు అరుగు మీద కూసొని ఉన్నడు. నా పుస్తకం ఒళ్లో ఉంది. తెరిచి చూపిచ్చిండు.

ప్రతి పేరా పక్కన పెన్సిల్‌తో రాసి ఉంది. ఫలానా పుస్తకం, ఫలానా పేజీ. ఫలానా పుస్తకం, ఫలానా పేజీ. నలభై పేజీలూ అట్లనే. నడుమ నడుమ ఏడు చోట్ల మాత్రం ఏమీ రాయకుండ చిన్న టిక్కు పెట్టిండు.

"గీ టిక్కులేంది సార్?"

"అవి నీవి. ఏడు వాక్యాలు. ఏడూ మంచిగున్నయిరా."

నేను నేల చూపులు చూస్తున్న. సారు మందలించలేదు. పేజీ 9 తీసి చదవమన్నడు. చవుదార్ చెరువు నీళ్లు తాగింది 1927 మార్చి 20 అని ఉంది. పేజీ 21 తీసి చదవమన్నడు. మహద్‌లో మనుస్మృతిని తగలబెట్టి చెరువు నీళ్లు తాగింది డిసెంబర్ 25 అని ఉంది. "ఏది నిజం?" అన్నడు. నాకు తెల్వదు. మార్చిలో చెరువు నీళ్లు ముట్టుకున్నది ఒక ఘట్టం, డిసెంబర్‌లో మనుస్మృతి దహనం ఇంకో ఘట్టం, రెంటికీ నడుమ తొమ్మిది నెలలు ఉన్నయని, ఆ తొమ్మిది నెలల్లో సవర్ణులు చెరువును శుద్ధి చేసుకున్నరని, కోర్టుకు పోయిన్రని నాకు ఎరుక లేదు. రెండు పుస్తకాల పేరాలు అతికేటప్పుడు నడుమ ఒక వాక్యం కలిపి రెంటినీ ఒక్కటి చేసిన. ఆ అతుకు వాక్యం నాదే. అది మాత్రం ఆ ఏడింట్లో లేదు, సారు దానికి టిక్కు పెట్టలేదు.

"నాలుగిండ్ల బియ్యం ఒక్క సంచిల పోసినవు. ఏ ఇంటి బియ్యంల రాళ్లున్నయో నీకు తెల్వదు, తినేటోనికి తెల్వదు" అన్నడు.

అప్పుడు నేను ఒక వాదన చేసిన. ఆ వాదన ఇప్పటికీ మన మీటింగుల్లో వింటుంట, అందుకే రాస్తున్న. "సార్, జ్ఞానం అందరిది. పేర్లు, హక్కులు, సొంతం అనుడు పైకులాల తరీఖ. అంబేడ్కర్ మనోడు. మనోని మాట మనం రాసుకుంటే దొంగతనం ఎట్లయితది?"

సారు లోపలికి పోయి ఒక జిరాక్సు కట్ట తెచ్చిండు. భగవాన్ దాస్ 1980లో వేసిన చిన్న పుస్తకం అది. బాబాసాహెబ్ రాసిన, మనకు అందకుండ పోయిన ముందుమాటలు అందులో ఉన్నయి. 'బుద్ధుడు - అతని ధమ్మం'కు రాసిన ముందుమాట కూడా ఉంది.

ఈ ముచ్చట తెలియని తమ్ముళ్ల కోసం కొంచెం వివరంగా చెప్త. 'బుద్ధుడు - అతని ధమ్మం' అచ్చయింది 1957లో, బాబాసాహెబ్ పోయిన తర్వాత. ఆయన దాన్ని 1951 నుంచి ఐదేండ్లు రాసిండు. ఒంట్లో చక్కెర జబ్బు, కాళ్లు సహకరించవు, చూపు ఆనదు. 1956 డిసెంబర్ 5 రాత్రి కూడా ఆ పుస్తకం ముందుమాట, ఉపోద్ఘాతం కాగితాలు పక్కన పెట్టమని అడిగి తీసుకున్నడు. తెల్లారేసరికి లేడు. ఆ ముందుమాటలో ఏం చెప్పిండు? ఇందులో కొత్తదనం నాదని నేను అంటలేను అన్నడు. వేరే వేరే చోట్ల తయారైన భాగాలు తెచ్చి బిగించే కార్ఖానా లాంటిది ఈ పుస్తకం అన్నడు. సామగ్రి ఎన్నో గ్రంథాల నుంచి తెచ్చిన అని చెప్పి, అందులో అశ్వఘోషుని 'బుద్ధచరితం' పేరు విడిగా ఎత్తిండు. కొన్ని ఘట్టాల్లో ఆయన భాషను కూడా తీసుకున్న అని తానే ఒప్పుకున్నడు. ఆరోగ్యం చూసిన డాక్టరుకు, భార్య సవితకు కృతజ్ఞత చెప్పిండు.

ఎవరు అడిగిన్రు ఆయనను? కొలంబియా, లండన్ డాక్టరేట్లు ఉన్నయి. దేశం రాజ్యాంగం రాసిన మనిషి అన్నరు. ఆయన చెప్పకుంటే పట్టుకునే సాఫ్ట్‌వేర్ అప్పుడు లేదు. దాదాపు పద్దెనిమిది వందల ఏండ్ల కిందటి కవికి బాకీ ఉన్నట్టు రాసిండు. కానీ 1957లో పుస్తకం ఆ ముందుమాట లేకుండనే అచ్చయింది. ఎన్నో ఏండ్లు పాఠకులు ఆ మాట తెలియకనే పుస్తకం చదివిన్రు. ఏ మాట ఏ గ్రంథం నుంచి వచ్చిందో వెతికి పట్టి ఆకాశ్ సింగ్ రాథోడ్, అజయ్ వర్మ 2011లో ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్ ద్వారా ఒక విమర్శనాత్మక ప్రతి తెచ్చిన్రు. అర్ధ శతాబ్దం దాటినంక.

ఇంకొకటి కూడా చూడండి. 1948లో వచ్చిన 'అంటరానివారు' పుస్తకం ముందుమాటలో ఆయన, ఆధారాల గొలుసు తెగిన చోట ఊహతో అతికిన అని దాచకుండ చెప్పిండు. ఏది దొరికిన సాక్ష్యం, ఏది తన అంచనా, చదివేటోనికి విడిగా కనబడాలె అని ఆయన పట్టింపు. నేను మార్చినీ డిసెంబర్‌నూ అతికినప్పుడు ఎవరికీ చెప్పలేదు, ఎందుకంటే అతికిన్నన్న సంగతి నాకే తెల్వదు. ఆయన పుస్తకాలు ఎవరికి అంకితమిచ్చిండో కూడా చూడండి. 'శూద్రులెవరు?' జోతిరావ్ ఫూలేకు. 'అంటరానివారు' నందనార్, రవిదాస్, చోఖామేళకు. బాకీ ఎవరికి ఉన్నదో మొదటి పేజీలోనే రాసిండు.

మన సూర్యాపేట జిల్లాలోనే నాగారం మండలంలో ఫణిగిరి గుట్ట ఉంది. పోనోళ్లు పోండి. అక్కడ దొరికిన శాసనాల్లో ఒకటి ఇక్ష్వాకు రాజు రుద్రపురుషదత్తుని 18వ ఏటిది. ధర్మచక్రం నిలబెట్టింది రాజవైద్యుడు అని అందులో రాసి ఉంది. రాజు కాలం చెప్పి ఊరుకోలేదు, నిలబెట్టింది ఎవరో కూడా చెక్కిన్రు. బౌద్ధం మనది అని జెండాలు పట్టుకునే మనం ఆ అలవాటు మాత్రం పట్టుకోలేదు.

సారు నాకు ఒక పని పెట్టిండు. ఒక అధ్యాయం చదువు, పుస్తకం మూసెయ్యి, ఇంటికి పోయి మీ అమ్మకు చెప్పు, తర్వాత కాగితం పట్టు, రాసినంకనే మళ్లీ పుస్తకం తెరిచి తప్పులు చూసుకో. నేను నవ్వుకున్న. కానీ చేసిన. మహద్ ముచ్చట అమ్మకు చెప్తుంటే చెరువు కాడ ఆపింది.

"గీ సంగతి నీకెవలు జెప్పిన్రు?"

"పుస్తకంల ఉందమ్మా."

"పుస్తకం నోరు తెరిచి జెప్తదా? రాసినోడు ఎవడు? ఆడ ఉన్నడా, ఇన్నడా?"

మా అమ్మ ఊర్లో ఏ మాట చెప్పినా ముందు ఎవరు చెప్పిన్రో చెప్తది. "మా మేనత్త అన్నది", "కల్లు కాడ ఫలానాయన అనంగ ఇన్న", "నేనైతె సూడలే, సాకలామె చూసిందట". చదువు రాని మనిషి మూడు రకాల సాక్ష్యాలు వేరు చేసి చెప్తున్నది. చూసింది, విన్నది, విన్నోళ్లు చెప్తే విన్నది. బ్యాగు నిండ పుస్తకాలు మోసిన నాకు ఆ తేడా తెల్వదు. ఎందుకు మా అమ్మకు తెలుసు అని తర్వాత ఆలోచన చేసిన. మా వాడ మనిషి ఆధారం లేని మాట అంటే ఊర్లో తన్నులు పడేవి. ఎవరి మాటో చెప్పి పెట్టుకునుడు మా బతుకులో ఒక రక్షణ.

ఇంత జరిగినంక నేను బాగుపడ్డ అనుకుంటున్నరా? లేదు. పుస్తకాల విషయంలో జాగ్రత్త పడ్డ. కానీ ఒక పని మాత్రం రాత కిందికి రాదు అనుకున్న. అది ఫిర్యాదు.

2009లో కోదాడ దిక్కు ఒక ఊరిలో మా పెద్దమ్మ వరుస ఆమెను సాగర్ ఎడమ కాలువ కట్ట మీద ఒక రైతు కులం పేరు పెట్టి తిట్టి మీదికి వచ్చిండు. మేకలు చేన్లో పడ్డయని లొల్లి. ముగ్గురు కూలోళ్లు చూసిన్రు. కేసు పెడదామని నన్ను పిలిచిన్రు. అప్పట్లో అట్రాసిటీ చట్టంలో సెక్షన్ 3(1)(10). జనం కళ్ల ముందల జరిగిందని చూపాలె. నా దగ్గర అంతకుముందు ఏడాది వేరే ఊర్లో రాసిన ఫిర్యాదు ఉంది, వకీలు దిద్దింది. దాన్ని ముందల పెట్టుకొని పేర్లు మార్చి, తేదీ మార్చి, గబగబ రాసిన. పాత దాంట్లో ఉన్న "ఊరి నడుమ హోటల్ ముందల, పది మంది చూస్తుండగా" అన్న ముక్క అట్లనే ఉండిపోయింది. చదివి వినిపిచ్చిన కూడా. పెద్దమ్మ వేలిముద్ర వేసింది. స్టేషన్లో సాక్షుల వాంగ్మూలాలు నా కాగితం చూసి అదే మాటలతో రాసుకున్నరు. ముగ్గురివీ ఒకే అచ్చు.

కేసు నడిచి నడిచి పెద్దమ్మ బోను ఎక్కేసరికి మూడేండ్లు పట్టింది. అవతలి వకీలు అడిగిండు, ఎక్కడ జరిగింది? కాలువ కట్ట మీద అన్నది. హోటల్ ముందల కాదా? "నేను హోటల్ దిక్కే పోలే దొరా" అన్నది. మరి ఈ ఫిర్యాదు ఎవరిది, ఈ వేలిముద్ర ఎవరిది? సాక్షుల మాటలు ముగ్గురివీ అక్షరం పొల్లుపోకుండ ఒక్క తీరుగ ఎట్లున్నయి, ఎవరు నేర్పిన్రు? పెద్దమ్మ నా దిక్కు చూసింది. నేను వెనుక బెంచీలో ఉన్న.

కేసు పోయింది. కాపీ కొట్టినందుకే పోయిందని అనను, వేరే కారణాలు కూడా ఉండొచ్చు. కానీ బోనులో నిజం చెప్పిన మనిషి అబద్ధాలకోరు అయ్యింది నా కాగితం వల్లనే. బస్సులో వాపసు వస్తుంటే మునగాల దాటినంక అన్నది పెద్దమ్మ:

"నా మాట నన్ను చెప్పనిస్తే అయిపోవు గదరా కొడుకా."

ఆ రోజు నుంచి నేను ఎవరి ఫిర్యాదు రాసినా మనిషిని ముందు కూసోబెట్టి చెప్పినట్టే రాస్త. తిట్టు తిట్టినట్టే. జాగా చెప్పినట్టే. సెక్షన్లు చివర్లో చూసుకోవచ్చు. కార్యకర్తలుగా పని చేస్తున్న తమ్ముళ్లకు చెప్తున్న, వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే నమూనా ఫిర్యాదులు ఎక్కడ ఏముండాలో చూసుకునేందుకే పనికొస్తయి. దాంట్లో ఖాళీలు నింపి ఇవ్వొద్దు.

తర్వాత ఒకసారి నాకు కూడా జరిగింది. నేను తయారు చేసిన నిజనిర్ధారణ నివేదికలో ఒక ముసలవ్వ మాటలు, ఒక పెద్ద మనిషి వ్యాసంలో ఆమె పేరు లేకుండ, ఊరి పేరు తప్పుగా వచ్చినయి. రాత్రంతా కోపంతో ఒక పోస్టు టైపు చేసిన. పొద్దున లేచి చూసుకుంటే మా నివేదికలో కూడా ఆ అవ్వ పేరు "బాధితురాలు 2" అనే ఉంది. రక్షణ కోసం దాచినమా అంటే అదీ కాదు, ఆమె పేరు పెట్టమనే అన్నది. పోస్టు వేయలేదు.

ఇగ చెల్లె అధ్యాయం దగ్గరికి వద్దాం. సూర్యాపేట తాలూకాలో సాయుధ పోరాటం, అందులో కూలి ఆడోళ్లు, ఇదీ ఆమె విషయం. మంచి విషయం. కోదాడ పక్కన చిలుకూరులో 1941లో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన జరిగిన ఆంధ్ర మహాసభతోని మొదలుపెట్టింది. ఆమెకు పోరాటం ఎవరో చెప్పిన కథ కాదు, వాళ్ల నాయినమ్మ చిన్నప్పుడు వెట్టి చేసింది.

చదువుతుంటే నాకు రెండు చోట్ల సారు పెన్సిల్ గుర్తుకొచ్చింది.

ఒకటి. పోరాటంలో నాలుగు వేల మంది చనిపోయిన్రు, మూడు వేల గ్రామాల్లో గ్రామరాజ్యాలు ఏర్పడ్డయి, పది లక్షల ఎకరాలు పంచిన్రు అని ఆమె రాసి, ఐదు పుస్తకాలు ఇదే మాట చెప్తున్నయని బలంగా అన్నది. ఫోన్ చేసి అడిగిన, ఆ ఐదు పుస్తకాలు ఆ లెక్క ఎక్కడ తెచ్చుకున్నయి? రెండు రోజులు వెతికింది. ఆ లెక్క పుచ్చలపల్లి సుందరయ్య పుస్తకంలోది, 1972లో వచ్చింది. మిగతావి కొన్ని ఆయన పేరు చెప్పి, కొన్ని చెప్పకుండ అదే దించుకున్నయి. అంటే ఐదుగురు సాక్షులు అనుకున్నది ఒక్క సాక్షే. ఆ లెక్క తప్పు అని నేను అంటలేను. పోరాటం నడిపిన పార్టీ నాయకుడు ఇచ్చిన లెక్క అది, అట్లని రాయాలె. కాపీ కొట్టుడులో అసలు నష్టం ఇక్కడుంది. పేరు తీసేస్తే ఒక్క గొంతు ఐదు గొంతులైతది. మా సాక్షుల వాంగ్మూలాల్లో ముగ్గురిది ఒక్క గొంతు అయినట్టే, తిరగేసి చూడండి.

రెండు. 1948 సెప్టెంబర్‌లో యూనియన్ సైన్యం వచ్చినంక పోరాటం ఆపాల్నా, కొనసాగించాల్నా అన్నది పార్టీలో పెద్ద తగాద. 1951 అక్టోబర్ దాకా నడిచింది. కొనసాగించుడు సరైందే అని సుందరయ్య నిలబడ్డడు. సైన్యం వచ్చినంక ఆపాల్సి ఉండె అని రావి నారాయణరెడ్డి. ఇద్దరి పుస్తకాల నుంచి చెల్లె ఒక్కో పేరా తీసుకున్నది. పేర్లు లేవు. నడుమ "అందువల్ల" అని ఒక మాట. పై పేరా ఆపితే ద్రోహం అయ్యేది అంటది, కింది పేరా నడిపి తప్పు చేసినం అంటది, రెండూ ఆమెనే అంటున్నది! నాకు నవ్వు వచ్చింది, ఫోన్లో ఆమెకు చదివి వినిపిస్తే ఆమె కూడా నవ్వింది. నవ్వి ఊకుంది. తర్వాత అడిగింది, "మరి నేనేమనాలె అన్నా?"

అదే గదా అసలు పని. ఇద్దరి పేర్లూ పెట్టినమనుకో, అప్పుడు ఇద్దరి నడుమ ఖాళీ కనబడతది. ఆ ఖాళీలో నువ్వు నిలబడి అడగాలె. ఆ మూడేండ్లు అడవిలో ఉన్నోడు ఒక తీరు చూసిండు, ఆపమన్నోడు ఒక తీరు చూసిండు, మరి వెట్టి చేసిన మీ నాయినమ్మ వాడకట్టు ఆ మూడేండ్లు ఎట్ల గడిపింది? దున్నిన భూమి ఉందా, పోయిందా? ఇద్దరి పుస్తకాలూ నాయకులు రాసినవే. స్త్రీశక్తి సంఘటన వాళ్లు 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' పక్కన పెట్టు. పోరాటంలో ఉన్న ఆడోళ్లు తమ నోటితోని చెప్పిన్రు, ఎవరి మాట వాళ్ల పేరు కిందనే ఉంది. చిట్యాల అయిలమ్మ ఉన్నది, మన కరివిరాల మల్లు స్వరాజ్యం ఉన్నది. పోరాటం అయినంక మమ్మల్ని ఇంటికి పొమ్మన్నరు అన్న గోస ఆ గొంతుల్లో ఉన్నది. చెల్లె ఆ పుస్తకంలోని ఒకామె మాటలు కూడా పేరు లేకుండ తన వాక్యాల్లో కలిపేసింది. ఆ పుస్తకం వచ్చిందే పేర్లు లేని ఆడోళ్లకు పేర్లు పెట్టేందుకు. దాన్నే మళ్లీ పేరు లేకుండ చేస్తిమి.

ఇక రూల్సు. విద్యార్థులు అడుగుతున్నరు కాబట్టి తొందరగా చెప్పి పోత. యూజీసీ 2018లో ఈ కాపీల మీద నిబంధనలు తెచ్చింది. పోలిక 10 శాతం దాకా ఉంటే శిక్ష లేదు. 10 నుంచి 40 అయితే ఆరు నెలల లోపల దిద్ది మళ్లీ ఇవ్వాలె. 40 దాటి 60 దాకా అయితే ఏడాది పాటు ఇవ్వనియ్యరు. 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. మూలం చెప్పి ఉటంకించిన భాగం, ఆధార గ్రంథాల పట్టిక, చట్టాల పాఠం లెక్కలోకి రావు. అందరికీ తెలిసిన సంగతులు వరుసగా 14 పదాల దాకా కలిసినా లెక్క పట్టరు. మన పిల్లలకు ఏడాది పోవుడు అంటే స్కాలర్‌షిప్ పోవుడు, హాస్టల్ పోవుడు, ఆడపిల్లయితే పెండ్లి సంబంధం వచ్చి కూసునుడు. 43 శాతం అంటే ఆ పిల్లకు అది. మంచిదేందంటే గైడ్ ముందే చూసి చెప్పిండు, ఇంకా సమర్పించలేదు.

సాఫ్ట్‌వేర్‌ను దాటుడు ఎట్ల అని అడుగుతున్న తమ్ముళ్లూ ఉన్నరు. ఇంగ్లిష్ పుస్తకాన్ని తెలుగు చేసి రాస్తే యంత్రం పట్టకపోవచ్చు. చాట్‌జీపీటీకి ఇచ్చి మాటలు మార్పిస్తే శాతం తగ్గొచ్చు. తగ్గితే ఏమైతది? ఆ పేరాలో ఉన్న రాయి అట్లనే ఉంటది, సంచి మాత్రం మారుతది. వైవా రోజు "ఈ లెక్క ఎక్కడిది?" అని ఒక్క ప్రశ్న చాలు.

చెల్లె తన ఊరి గురించి ఒక పేరా కూడా రాసింది. మిర్యాలగూడ అంటే ఇప్పుడు దేశంలో ఎవరికైనా గుర్తొచ్చేది ప్రణయ్. 2018 సెప్టెంబర్ 14న గర్భవతి అయిన భార్య పక్కన ఉండగనే నరికి చంపిన్రు. 2025 మార్చి 10న నల్లగొండ కోర్టు ఒకరికి ఉరి, ఆరుగురికి యావజ్జీవం వేసింది. ఆ పేరాను ఆమె పేపర్ల నుంచి ఎత్తి రాసింది. కోర్టు తీర్పును అచ్చు వేసుకునే హక్కు కాపీరైట్ చట్టమే ఇస్తున్నది, సెక్షన్ 52 చూసుకోండి. అయినా ఏ కోర్టు, ఏ తేదీ అన్నది రాయాలె. విలేకరి వాక్యం మాత్రం విలేకరిదే. "ఆ రోజు నువ్వు ఎక్కడున్నవ్?" అని అడిగిన. ఇంట్లనే ఉన్న అన్నది. సాయంత్రం నాయిన మిల్లు నుంచి తొందరగా వచ్చి తలుపు పెట్టిండట, ఎవరితోని మాట్లాడలేదట. "అది ఏ పేపర్ల రాలే గదా, అది రాయి" అన్న.

ఇరవై రోజులు పట్టింది. నోట్‌బుక్ పక్కన పెట్టి, ఒక్కో పుస్తకానికి ఒక్కో కాగితం పెట్టుకున్నది. ఎవరు చెప్పిన్రు, ఎప్పుడు, చూసిన్రా, విన్నరా, అని పైన రాసి, కింద తన మాటల్లో సారం. ఎవరి మాట అక్షరాలా కావాల్నో దానికి కోట్స్, పేజీ నంబరు. రాత్రిపూట వాళ్ల అమ్మకు చెప్పిందట. అమ్మ నడుమనే నిద్రపోయిందట, అది వేరే సంగతి. మొన్న గైడ్ మళ్లీ చూసిండు, 8 శాతం. ఉటంకింపులు మరీ ఎక్కువైనయి, తగ్గించు అన్నడట. అది కూడా నిజమే, ఇంకో అధ్యాయంలో ఆమె గొంతు మళ్లీ తక్కువే వినబడుతున్నది. చేస్తది.

నాకు మాత్రం నా పని మిగిలింది. ఆ 2004 పుస్తకం 500 కాపీల్లో నా దగ్గర ఒక్కటి కూడా లేకుండె. పోయిన ఆదివారం కోదాడ పోయి ఇద్దరు పాత మిత్రుల ఇండ్లల్లో వెతికితే మూడు దొరికినయి. ఒకటి చెదలు పట్టింది. మిగిలిన రెండింట్లో, సారు చేసినట్టే, పేరాల పక్కన పెన్నుతో మూలాలు రాస్తున్న. అనువాదకుని పేరు మొదటి పేజీలో రాసిన. ఇరవై ఏండ్లు లేటు. పేజీ 21 కొట్టేసి మార్చి ఏందో, డిసెంబర్ ఏందో విడివిడిగా రాసిన. మూడు పుస్తకాలు మళ్లీ సంపాదించిన. నాలుగోది దొరుకుతలేదు. సారు రాసిన ప్రతి ఆయన పోయినంక ఇంటోళ్లు పాత పేపర్లతోని అమ్మేసిన్రట. అందుకని పేజీ 30 నుంచి 33 దాకా ఉన్న రెండు పేరాలు ఎవరివో నాకు గుర్తు లేదు. గ్రామాల్లో చెప్పుల పని చేసేటోళ్ల మీద, చచ్చిన పశువుల మోత మాని వేయుడు మీద ఉంటయి ఆ పేరాలు. తెలుగు చాలా సక్కగా ఉంటది, నాది కాదని చూడంగనే తెలుస్తది. ఆ పేజీల ఫొటోలు కింద పెడుతున్న. 2004కు ముందు అచ్చయిన ఏ పుస్తకంలోనన్నా చదివినోళ్లు ఉంటే, రాసినాయన పేరు తెలిస్తే, కామెంట్లో చెప్పండి.